టీచరమ్మ నేర్పిన ముచ్చట

టీచరమ్మ పోయింది. మొన్న మంగళవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించి జానిమాజ్ చాప మడతపెడుతుంటే ఫోన్ మోగింది. భద్రాచలం నుంచి ఆమె చెల్లెలి కొడుకు. "పెద్దమ్మ నిద్రలనే పోయింది ఆపా. మీకు మొదలు చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టింది" అన్నాడు. ఇన్నా లిల్లాహ్ చదువుకున్నాను. తర్వాత నా చిన్న చెల్లెలు నస్రీన్‌కు ఫోన్ చేశాను. అది ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. "ఆపా, ఆ ఆదివారం యాదికొచ్చింది" అంది.

నాకూ అదే యాదికొచ్చింది. అందుకే మీకు ఆమె జీవితమంతా చెప్పను. ఆ ఒక్క ఆదివారం చెబుతాను.

ఆమె ఇల్లందులో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేది. సర్కారు బడిలో తెలుగు టీచరు. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఆర్సీయం చర్చికి వెళ్ళేది. కొంగు చివర ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క ముడేసి ఉండేది. బజారులో నడుస్తూ షాపు బోర్డుల మీద తప్పులు పైకి చదివేది. ఆమె వస్తుంటే మా కిరాణా షాపాయన బయటికొచ్చి బోర్డుకు అడ్డం నిలబడేవాడు. మసీదులో అజాన్ మొదలైతే ఇంట్లో రేడియో తగ్గించేది. మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానినదాన్ని. అమ్మీ మంచాన పడితే తమ్ముళ్ళను, చెల్లెళ్ళను చూసుకున్నాను. నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, టీచరమ్మ పక్కింటికి వచ్చిన నెలలోనే, రెండు పెరళ్ళ మధ్య గోడ అవతల నిలబడి అడిగింది. "నీకు చదువు మీద మనసు లేదా, లేకుంటే అయిపోయిందని ఎవరన్నా చెప్పిన్రా?" నేను బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. మర్నాడు ఒక పలక గోడ మీద పెట్టి పోయింది. ముప్ఫై దాటాక పదో తరగతి ప్రైవేటుగా పాసయ్యాను. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ గోడే కారణం.

ఇక నస్రీన్ సంగతి. రెండువేల సంవత్సరం వచ్చేనాటికి అది వరంగల్‌లో ఎం.ఏ. మొదటి ఏడు. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్టెక్కిన మొదటి మనిషి. హాస్టల్ గదిలో నలుగురు. నస్రీన్, అస్మా, ఇల్లందు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కతోలిక అమ్మాయి రోజ్, ములకలపల్లి అవతల అడవి అంచు ఊరి కోయ పిల్ల సమ్మక్క. రంజాన్‌లో తెల్లవారుజామున నాలుగింటికి అలారం మోగితే నలుగురూ లేవాల్సిందే. వారం రోజులు ఓర్చుకుని రోజ్ అడిగిందట. "మేము కూడ లేస్తున్నం గద, ఎందుకు లేస్తున్నమో చెప్పున్రి." నస్రీన్, అస్మా మొహాలు చూసుకున్నారు. చిన్నప్పటినుంచి రోజా, అంటే ఉపవాసం, ఉన్నవాళ్ళే. ఎందుకో చెప్పబోతే రెండు వాక్యాల తర్వాత మాట ముందుకు పోలేదు.

అక్కడ మొదలైంది. ఆ హాస్టల్లో ఉన్న ముస్లిం అమ్మాయిలు ఐదారుగురు ప్రతి ఆదివారం అసర్, అంటే పొద్దు వాలే వేళ నమాజు, తర్వాత నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చునేవారు. రోజ్‌నూ సమ్మక్కనూ ఇంకా ఎవరొస్తే వాళ్ళనూ కూర్చోబెట్టుకునేవారు. దానికి ముచ్చట అని పేరు పెట్టుకున్నారు. ఒక వారం ప్రార్థన గురించి. ఒక వారం చనిపోయినవాళ్ళ గురించి. వాళ్ళలో వాళ్ళకే గొడవలు. "మన దీన్ గురించి, మన మతం గురించి వాళ్ళకు చెప్పాలె గని, వాళ్ళను అడుగుడేంది?" అని ఒక అమ్మాయి లేచిపోయింది. అస్మా వెనక నుంచి కేక వేసిందట, "నువ్వు చెప్పేది వినాలంటే వాళ్ళు గూడ కూర్చోవాలె గదనే!"

నస్రీన్ సెలవుకొచ్చి ఇదంతా టీచరమ్మకు చెబుతుంటే నేను విన్నాను. దాని కళ్ళు మెరుస్తున్నాయి. టీచరమ్మ తోటకూర తుంచుతూ విన్నది. చివరికి ఒకటే చెప్పింది.

"బిడ్డా, రోజ్ చెప్పింది నీ నోటితోని మళ్ళ చెప్పు. గా మాట విని రోజ్ 'అవ్' అనాలె. గప్పటిదాక నీ మాట మొదలుపెట్టకు."

"తప్పు చెప్తే?"

"మళ్ళ అడుగు. తెల్వదంటే సిగ్గేంది? తెల్సినట్టు చేసుడే సిగ్గు."

ఆ రోజు నుంచి వాళ్ళ ముచ్చటలో అదే నియమం.

మార్చిలో బక్రీద్ వచ్చింది. కల్లూరు నుంచి మా ఖాలూ, అంటే మా పిన్ని భర్త, పండుగకు రెండు రోజుల ముందే వచ్చి ఒక మాట తెచ్చాడు. నస్రీన్ చర్చిలో కూర్చుంటోందని ఎవరో చెప్పారట. ఒకసారి వానకు హాస్టల్ పిల్లలంతా చర్చి వరండాలో ముచ్చట పెట్టుకున్న మాట నిజమే. ఖాలూ చెడ్డవాడు కాదు. ఆడపిల్లలకు ఏమవుతుందోనని భయం, అంతే. "పరీక్షలు రాయించండి భాయ్. రెండో ఏడు వద్దు. ఇంటికి తీసుకొచ్చేయండి" అని మా నాన్నకు, అబ్బాకు చెప్పాడు. అబ్బా బొగ్గుబాయిలో పని చేసేవారు. తక్కువ మాట్లాడతారు. రెండు రోజులు ఏమీ అనలేదు. పండుగ రాత్రి నస్రీన్‌ను పిలిచి, "నీ దోస్తులను ఆదివారం అన్నానికి పిలువు. నేను కూడ కూర్చుంట. ఏం మాట్లాడుకుంటరో వింట. సాయంత్రం నా మాట చెప్త" అన్నారు.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే తెల్లారింది. నమాజు చేసి బొగ్గు పొయ్యి రాజేశాను. బోరింగు దగ్గర నాలుగు బిందెలు పట్టాను. బాయి సైరన్ మోగింది. అబ్బా రాత్రి డ్యూటీ దిగి వచ్చారు. తానం చేస్తే నల్లటి నీళ్ళు కాలువ వెంట గేటు దాకా పోయాయి. అమ్మీ బియ్యం ఏరుతూ తస్బీహ్ చదువుకుంటోంది. ఖాలూ వాకిట్లో కూర్చుని పేపరు ముందుపేజీ నుంచి వెనకపేజీ దాకా, మళ్ళీ వెనకనుంచి ముందుకు చదివాడు. నస్రీన్ మాత్రం ఒక్కచోట నిలబడలేదు. చాపలు పరిచింది, తీసింది, మళ్ళీ పరిచింది.

టీచరమ్మ తెల్ల చీర కట్టుకుని చర్చిలో ఆదివారం పూజకు పోతూ గోడ దగ్గర ఆగింది.

"ఎంతమంది?"

"ఐదుగురు టీచరమ్మా."

"చాపలు చాలవు. నా గడప ఎనక రెండున్నయి, తీస్కో. నస్రీనూ, ఊపిరి పీల్చుకో. నువ్వు పరీక్ష రాస్తలేవు."

"ఇది పరీక్షనే టీచరమ్మా!" అని అది లోపలికి పరుగెత్తింది.

నేను వంట చేశాను. బగారా అన్నం. పండుగ మాంసం ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి పెట్టినది కూర చేశాను. బొక్కలు వేసి దాల్చా. పెరుగు చట్నీ. నాకు తెలిసిన విందు అది.

పదకొండింటికి వరంగల్ బస్సు దిగి అస్మా, రోజ్, ఇంకో ఇద్దరు ముస్లిం అమ్మాయిలు వచ్చారు. సందు మొదట్లోనే వాళ్ళ మాటలు వినపడ్డాయి. కొత్తగూడెం బస్సులో సమ్మక్క ఒక సంచీతో దిగింది. సంచీ నిండా ఎండు ఇప్పపువ్వు. ఖాలూ ముక్కు ఎగబీల్చాడు.

"ఇది సారా కాచేది కదూ?"

"వేయించుకుని తింటరు గూడ పెదనాయినా. సారా కావాలంటే చాన పని."

అస్మా నవ్వు ఆపుకోలేక నా వెనక దాక్కుంది. అబ్బా గడ్డం సవరించుకున్నారు. ఇల్లంతా ఒక్కసారిగా వెలుగొచ్చినట్టయింది. నేను లోపల బిస్మిల్లా అనుకుంటూ గిన్నెలు మోశాను. నస్రీన్ చదువు ఈ చాప మీద ఉందని అందరికంటే నాకు బాగా తెలుసు. బడి మానేస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కదా.

టీచరమ్మ పూజ నుంచి నేరుగా వచ్చి చివర కూర్చుంది. వడ్డించాను. రోజ్ పళ్ళెంలో కూర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలక్కా."

"ఇంకా వెయ్యనే లేదు."

"అన్నం చాలు."

దాల్చా తెచ్చాను. బొక్క చూసి మళ్ళీ చెయ్యి అడ్డం. టీచరమ్మ పళ్ళెంలోనూ వట్టి అన్నం, పెరుగు చట్నీ. ఖాలూ పళ్ళెం కింద పెట్టాడు.

"చూశారా భాయ్. మన ఇంటి కూర వాళ్ళకు పనికిరాదు. మీ కూతురు మూడు నెలలుగా మాట్లాడింది వీళ్ళతోనే."

ఎవరూ ముద్ద ఎత్తలేదు. నస్రీన్ మొహం తెల్లబోయింది. ఎందుకు తినడం లేదో దానికి తెలియదు. ఒకే గదిలో పడుకునే పిల్ల ఎందుకు తినడం లేదో దానికి తెలియలేదు. అదే ఎక్కువ నొప్పించింది. అమ్మీ టీచరమ్మ వైపు తిరిగింది. అమ్మీ గొంతు నేను అట్లా ఎప్పుడూ వినలేదు.

"మీరు గూడనా? మూడేండ్ల సంది మా బక్రీద్ మాంసంల వాటా తీస్కుంటున్నరు. మొన్న శుక్రవారం గూడ తీస్కున్నరు. ఏం చేసిన్రు దాన్ని?"

టీచరమ్మ నస్రీన్‌ను చూసింది.

"ముచ్చటకు పిలిస్తివి గద. మొదలైంది. అడుగు."

నస్రీన్ రోజ్ వైపు తిరిగింది. "రోజ్, నువ్వు మాంసం ఎందుకు తింటలేవు?"

"ఇది మా తపస్సుకాలం. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాక నలభై దినాలు మా ఇంట్ల మాంసం ముట్టరు. మొదలై పదిపన్నెండు దినాలే అయింది. హాస్టల్ల కూర పెట్టిన ఒక్కనాడు కడుపు నొప్పని చెప్పిన. మీ ఇంట్ల అబద్ధం చెప్పబుద్ధి కాలే. అక్కా, నీ కూర వాసనకు నోట్ల నీళ్ళూరుతున్నయి. గని మాట ఇచ్చిన."

"ఎవరికి?" ఖాలూ అడిగాడు.

"దేవునికి."

నస్రీన్ నెమ్మదిగా చెప్పింది. "అంటే మా ఇంటిది అని కాదు. ఎవరి ఇంట్లనైన ముట్టవు. ఇష్టం లేక కాదు. ఇష్టం ఉన్నందుకే వదిలిపెట్టినవు."

"అవ్" అంది రోజ్. చిన్న మాట. దాని తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

అస్మా, "నలభై దినాలా? నీళ్ళు?" అంది.

"నీళ్ళు తాగుతం. పొద్దున టిఫిన్ గూడ."

అబ్బా ముందుకు వంగారు. ఆయన మాట్లాడతారని ఎవరూ అనుకోలేదు. "నీళ్ళు తాగుతరా! గదేం ఉపవాసం బిడ్డా?"

అమ్మీ ఆయన్ని చూసింది. కోపం ఇంకా దిగలేదు, అయినా ఊరుకోలేకపోయింది. "నలభై దినాలు కూర లేకుంట మీరుండున్రి, చూస్త. నాలుగో నాడే నా తల తింటరు."

అబ్బా నవ్వారు. ఆ నవ్వుతో ఆగిన ముద్దలన్నీ కదిలాయి. మేము సూర్యుడున్నంత సేపు అన్నీ వదిలేస్తాం, వాళ్ళు చాలా రోజులు ఒకటి వదిలేస్తారు, ఏది కష్టం అని పిల్లలు కొట్లాటకు దిగారు. ఒకరి మాట ఇంకొకరు తిప్పి చెప్పడం, కాదు గట్ల కాదు అని మొదటివాళ్ళు సరిచేయడం, అవ్ అని చాప మీద చరచడం. రోజా ఉన్నరోజు కోపం వస్తే ఏం చేస్తారని రోజ్ అడిగింది. అస్మా నిజాయితీగా, "కోపానికొస్తం. తర్వాత సిగ్గుపడతం" అంది.

సమ్మక్క మాట కలపకుండా కూర తింటోంది. వేళ్ళు నాకి చెప్పింది. "మాకు గూడ ఉంది. కొత్తలు పండుగ చెయ్యకముందు మామిడికాయ ముట్టం. ముసలోళ్ళు మొదలు పెట్టాలె, గప్పుడే మేము."

"పచ్చికాయ కిందపడితే?" ఖాలూ.

"పడ్డ గూడ తినం."

"అడవిలో ఎవరు చూస్తారు నిన్ను?"

"చెట్టు చూస్తది గద పెదనాయినా."

ఖాలూ కాసేపు ఆ పిల్లనే చూశాడు. ఎవరూ లేని గదిలో కూడా నోట్లో చుక్క నీళ్ళు పోసుకోకుండా రోజా ఉండే మనిషి ఆయన. పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

అమ్మీ మాత్రం మరిచిపోలేదు. ఈసారి నెమ్మదిగానే అడిగింది. "టీచరమ్మా. నా వాటా?"

టీచరమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. "రాన్రి" అంది. తన పెరడు వైపు నడిచింది. అమ్మీ వెనక, నేను, పిల్లలు, నిద్ర లేని కళ్ళతో అబ్బా, పేపరు చేతిలోనే పెట్టుకుని ఖాలూ. అంతమంది ఎన్నడూ ఆ పెరట్లోకి పోలేదు.

రెండు గుంజల మధ్య దారం. దారానికి వరసగా, మామిడి తోరణం కట్టినట్టు, పసుపు పట్టిన సన్నటి మాంసపు పోగులు. కాకులు రాకుండా పాత దోమతెర కప్పి ఉంది. శుక్రవారం రాత్రి కోసి, ఉప్పు పసుపు రాసి, శనివారం నుంచి ఎండకు వేసింది. మా దగ్గర ఒట్టి తునకలంటారు. నెలలు నిలువ ఉంటాయి.

"ఈస్టర్ నాడు పూజ నుంచి వచ్చి నేను తినే మొదటి ముద్ద మీదే" అంది టీచరమ్మ. "మూడేండ్ల సంది."

"చెప్పలేదేంది?" అమ్మీ అడిగింది.

"మొదటి ఏడు నువ్వు గిన్నె పట్టుకుని గోడ దాక వచ్చినవు. నీ మొకం చూస్తే వద్దనే మాట నాకు రాలే. రెండో ఏడు సిగ్గయింది. మూడో ఏడు అలవాటైంది. పిల్లలకేమో అడుగున్రి, చెప్పున్రి అని నేర్పిన. గోడ పక్క మనిషికి నేను చెప్పలే. నా తప్పే."

టీచరు తప్పు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. బోర్డుల మీద తప్పులు చదివే మనిషి. అమ్మీ దోమతెర ఎత్తి ఒక పోగును వేలితో తాకింది. "ఉప్పు తక్కువైంది" అంది. "పురుగు పడ్తది. నేనొచ్చి రాస్త."

ఖాలూ దారం వైపు వంగాడు. "ఎన్ని ఎండలు కావాలి?"

"నాలుగు."

"మా కల్లూరులో మూడు చాలు" అన్నాడు, ఎండ కూడా ఆయనదే అన్నట్టు. పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

అసర్ తర్వాత అమ్మాయిలు బస్సులెక్కారు. బస్సు కిటికీలోంచి రోజ్ ఏదో అరిచింది. ఇంజను చప్పుడులో వినపడలేదు. నస్రీన్ మాత్రం చెయ్యి ఊపుతూ నిలబడి, బస్సు పోయాక నా భుజం పట్టుకుంది. సాయంత్రం అబ్బా చెప్పే మాట మిగిలే ఉంది.

మగ్రిబ్ నమాజు అయ్యింది. అబ్బా చాప మీదే కూర్చున్నారు. పక్కన ఖాలూ. అమ్మీ తలుపు దగ్గర. నస్రీన్ లోపలి గదిలో, నేను గడప మీద. మా ఇంటి మాటలు ఉర్దూలో నడిచాయి. తెలుగులో రాస్తున్నాను.

"చూశారు కదా భాయ్" అన్నాడు ఖాలూ. గొంతులో పొద్దుటి గట్టిదనం లేదు. "మంచి పిల్లలే. నేను కాదనను. కానీ మన పిల్లకు వాళ్ళ సంగతే తెలియలేదు. మరి మూడు నెలలు ఏం నేర్చుకున్నట్టు?"

"నేనూ అదే చూశాను" అన్నారు అబ్బా.

లోపల నస్రీన్ అడుగుల చప్పుడు ఆగింది.

"ఒకే గదిలో పండుకునే పిల్ల ఏం తినదో తెలియలేదు. గోడ పక్క మనిషి మన వాటా ఏం చేస్తుందో మూడేండ్లు మనకే తెలియలేదు. ఇంత తెలియనిదాన్ని మధ్యలో ఇంటికి తెచ్చి ఏం చేయను? ఇంకో ఏడు పోవాల్సిందే."

లోపల ఏదో గిన్నె కింద పడింది. ఖాలూ అబ్బా వైపు జరిగాడు.

"పోనీ భాయ్. కానీ ఆ ఆదివారాల ముచ్చటకు ఇంటి మనిషి ఒకరు కూర్చోవాలి. నెలకు ఒక్కసారైనా. నా మాట ఇదొక్కటి వినండి."

అబ్బా గడప వైపు చూశారు. అందరూ చూశారు. నేను ఖమ్మం దాటి ఎప్పుడూ పోలేదు. వరంగల్ ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నాకు ముప్ఫై ఒకటి. నన్ను ఎవరూ ఎక్కడికీ పొమ్మని అడిగింది లేదు.

"పెద్దమ్మాయి పోతది" అన్నారు అబ్బా. "ఏం బేటా?"

నేను తల ఊపాను.

గోడ అవతల టీచరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. చేతిలో జపమాల. లోపల మాటలు వినపడే దూరం కాదు. అమ్మీ పెరట్లోకి వెళ్ళింది. ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు కాబట్టి గట్టిగా చెప్పలేదు. నమాజు దుపట్టా తలమీద అట్లాగే ఉంది. చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. ఇద్దరు పోతున్నారని.

టీచరమ్మ ఆ రెండు వేళ్ళను చూసింది. గడప మీద నన్ను చూసింది. అర్థమైంది. జపమాల ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి గోడ పైకి ఎత్తి, మూడు వేళ్ళు చూపించి, మూడోదాన్ని తన వైపు వంచింది.